కప్పు చేరిన ఒడి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మంచు హాకీ కెప్టెన్ ఒకరి గురించి చెబుతాను. నేనెప్పుడూ ఆడని ఆట. మంచు అంటే నాకు తెలిసింది సోడా బండి మీద గోనెపట్టా కప్పిన ఐసు దిమ్మే. అయినా ఈ మనిషి కథ నన్ను వదలదు.

పేరు స్టీవ్ ఐజర్మన్. కెనడావాడు. ఆడింది అమెరికాలోని డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుకు. 1986లో 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు. 2006లో ఆట మానేదాకా కెప్టెన్‌గానే ఉన్నాడు. ఉత్తర అమెరికా మంచు హాకీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్పును మూడుసార్లు గెలిచాడు. 692 గోల్స్ కొట్టాడు. అంకెలు ఇక చాలు.

ఆ ఆటలో ఒక ఆచారం ఉంది. కప్పు గెలిస్తే మొదట అందుకునేది కెప్టెన్. పదిహేను కిలోలు దాటిన ఆ వెండి కప్పును తలపైకి ఎత్తి, తర్వాత తాను ఎంచుకున్న ఆటగాడికి అందిస్తాడు. ఎవరికి ఇస్తాడా అని అందరూ కాచుకుని ఉంటారు.

1997 జూన్‌లో డెట్రాయిట్ గెలిచింది. 42 ఏళ్ల ఎదురుచూపు తర్వాత గెలిచింది. ఊరంతా పండుగ. సరిగ్గా ఆరు రోజులకు, ఆటగాళ్లు వెళుతున్న అద్దె కారు చెట్టును ఢీకొట్టింది. వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్ అనే రష్యన్ ఆటగాడి తలకు తీవ్రమైన గాయం. ఎదుటి జట్లను హడలెత్తించిన డిఫెండర్ కొన్ని వారాలు స్పృహలో లేడు. మళ్లీ ఆడలేదు. అదే కారులో ఉన్న, జట్టులో మర్దన చేసే మ్నాత్సకానోవ్ తలకూ తీవ్రమైన గాయమే.

మరుసటి ఏడాది ఆ జట్టు చొక్కాలకు ఒక గుర్తు కుట్టుకుని ఆడింది. దాని మీద ‘నమ్ముతున్నాం’ అన్న మాట రష్యన్‌లోనూ, ఇంగ్లీషులోనూ ఉంది. మళ్లీ గెలిచింది. 1998 జూన్, వాషింగ్టన్. కాన్‌స్టాంటినోవ్‌ను చక్రాల కుర్చీలో మంచు మీదికి తీసుకొచ్చారు. కెప్టెన్ కప్పు అందుకున్నాడు. అందుకుని, ఆ కుర్చీ దగ్గరికి వెళ్లి, కాన్‌స్టాంటినోవ్ ఒడిలో పెట్టాడు. మళ్లీ చెబుతున్నాను, ఒడిలో పెట్టాడు. తోటివాళ్లు కుర్చీని తోసుకుంటూ మంచు మీద తిప్పారు. ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ కాసేపు మాట రాదు.

ఇదంతా ఆ ఒక్క రాత్రి పుట్టిన గుణం కాదు. 1988-89 సీజన్‌లో ఐజర్మన్ గోల్స్, వాటికి అందించిన సాయం కలిపి 155 పాయింట్లు. అంతటివాడిని, 1993లో వచ్చిన కోచ్ స్కాటీ బౌమన్ వెనక్కి వచ్చి కాపలా కూడా కాయమన్నాడు. అంతవరకు గోల్స్‌కు చప్పట్లు అందుకున్న మనిషి! ఒప్పుకున్నాడు. పాయింట్లు తగ్గాయి. కప్పులు వచ్చాయి. ఒకటి తగ్గించుకుంటే ఇంకొకటి వచ్చిందని నా లెక్క. పండితులు కాదంటే వాదించను.

ఈసారి టీవీలో మంచు హాకీ కనబడితే ఒక పని చేయండి. పక్ కోసం వెతకకండి. అది అరచేతిలో ఇమిడే నల్లటి రబ్బరు బిళ్ల, కొత్తవాళ్ల కంటికి ఆనదు. ఛాతీ మీద ‘సి’ అక్షరం ఉన్న ఆటగాడిని పట్టుకోండి. పక్ ఎదుటివాళ్ల చేతికి చిక్కాక, అతడు తమ గోల్ వైపు ఎంత వేగంగా వెనుదిరుగుతాడో అదొక్కటే చూడండి.

సెలవు.