ఈ పాట కట్టిందెవరు?

నమస్కారం. మన బరంపురంలో డీజే అంటే బండి. లారీ మీద మనిషెత్తు బాక్సులు పేర్చి, లైట్లు కట్టి నిమజ్జనానికో పెళ్లి ఊరేగింపుకో తెచ్చే బండి. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మా వీధిలో అలాంటి బండి మీంచి ఒక ముక్క వినిపించింది. అందులో మాటలు లేవు, కింద నాలుగు దెబ్బలు సమానంగా పడుతుంటే పైన ఒకే ఒక్క బేస్ వరస, అంటే మంద్ర స్వరాల వరస, మెలికలు తిరుగుతూ పోతోంది, నేను ఊరేగింపు వెంట స్టేషన్ రోడ్డు దాకా నడిచాను. బండి మీదున్న కుర్రాణ్ణి అడిగాను, తమ్ముడూ, ఇది ఎవరిది అని. "పెన్ డ్రైవ్‌లో ఉంది అన్నా" అన్నాడు. అతణ్ణి తప్పు పట్టను, అతనికి అందిన ఫైలు మీదే పేరు లేదు. అందుకే ఈ పూట కొన్ని పేర్లు చెప్పాలని వచ్చాను.

ఈ సంగీతాన్ని హౌస్ అంటారు. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు ఉండేది, ఆ పేరులోంచే ఈ మాట పుట్టిందంటారు. 1977లో ఫ్రాంకీ నకిల్స్ న్యూయార్క్ నుంచి అక్కడికి రికార్డులు వెయ్యడానికి వచ్చాడు. ఆ క్లబ్బుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, మగవాడై మగవాణ్ణి ప్రేమించినందుకు ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లు. అదే ఊళ్లో 1979 జులై 12న బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు పోగేసి జనం కేరింతల మధ్య పేల్చేశారు. నకిల్స్ ఆ డిస్కోనే తీసుకుని, టేపులు కోసి అతికించి, పాట సాగదీసి, తర్వాత డ్రమ్ మెషిన్ దెబ్బ కూడా కింద చేర్చి జనాన్ని తెల్లారేదాకా ఆడించాడు. నిమిషానికి 120 దెబ్బలు, కాస్త అటూ ఇటూ. మన ఠాకురాణి యాత్రలో పులివేషం వెనకాల డోలు ఊపందుకున్నప్పుడు కాళ్లు వాటంతటవే కదలడం మీకు తెలుసు కదా, ఆ దెబ్బ చేసే పని ఇదే.

ఈ హౌస్ పాటలు కట్టినవాళ్లందరిలో నాకు ప్రాణం లారీ హర్డ్. మిస్టర్ ఫింగర్స్ అనే పేరుతో రికార్డులు వేశాడు. బ్యాండ్లలో డ్రమ్స్ వాయించే మనిషి, తర్వాత సొంతంగా కరెంటుతో స్వరాలు పలికించే సింథసైజర్ ఒకటి, ఒక డ్రమ్ మెషిన్ కొనుక్కుని ఇంట్లో కూర్చుని ఒక్కడే పాటలు కట్టాడు. 1986లో వచ్చిన 'కెన్ యూ ఫీల్ ఇట్' వినండి. గట్టిగా ఏదీ మోగదు. అర్ధరాత్రి మేడ మీద ఒక్కరే పడుకున్నప్పుడు వచ్చే చల్లగాలిలా ఉంటుంది, నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అది వేసిన కంపెనీ ట్రాక్స్, షికాగోదే. పాత రికార్డులు కరిగించిన ప్లాస్టిక్‌తో కొత్తవి అచ్చు వేసేవాళ్లు, అందుకే ఆ రోజుల రికార్డుల్లో గరగర ఉంటుంది. హౌస్‌ని ప్రపంచానికి చేర్చింది కూడా ఆ కంపెనీయే, అది కాదనను. కానీ తన పాటల హక్కుల కోసం హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్‌తో కలిసి 2020లో కోర్టుకెక్కాల్సి వచ్చింది, 2022లో రాజీ కుదిరి హక్కులు చేతికొచ్చాయి. పాట కట్టిన ముప్ఫై ఆరేళ్లకి! ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

అమెరికాలోనే ఇంకో ఊరు డెట్రాయిట్‌లో కొందరు ఇలాంటి కంపెనీల మీద ఆధారపడకుండా సొంత లేబుళ్లే, అంటే సొంత రికార్డు కంపెనీలే, పెట్టుకున్నారు. హువాన్ ఆట్‌కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్, డెరిక్ మే 1986లో ట్రాన్స్‌మ్యాట్. వాళ్లు కట్టిన సంగీతాన్ని టెక్నో అంటారు, దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఆ మెలికలు తిరిగే బేస్ సంగతి. అది రోలాండ్ కంపెనీ 1981లో తెచ్చిన టీబీ-303 అనే చిన్న పెట్టె. గిటార్ వాయించేవాళ్లకి పక్కన బేస్ తోడు కోసం చేశారు, ఎవరికీ నచ్చక సెకండ్ హ్యాండ్ కొట్ల పాలైంది. షికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురి బృందం దాని మీటలు ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ పోతే బురదలో కాలు లాగినట్టు, ఏదో జీవి మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' పేరుతో రికార్డుగా వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది జముకు. ఇచ్ఛాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో జముకుల కథ చెప్పేవాళ్లు, తీగ బిగిస్తూ వదులుతూ మీటుతుంటే శబ్దం పైకి పాకి కిందికి జారేది, అచ్చం ఇలాగే. జముకు మీటిన ఆ పెద్దాయన పేరు నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు ఊళ్లో చెప్పేవాళ్లు లేరు.

ఇంకొక్క పేరు, నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటార్, కీబోర్డు వాయించేవాడు. 1982లో, అంటే ఫ్యూచర్ రికార్డు కంటే అయిదేళ్లు ముందే, ఆ 303 పెట్టెనీ, 808 డ్రమ్ మెషిన్‌నీ, జూపిటర్-8 సింథసైజర్‌నీ కలిపి పది రాగాలు డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఒక డచ్ రికార్డుల సేకర్త దాన్ని మళ్లీ విడుదల చేశాక ప్రపంచం ఉలిక్కిపడి, ఇది హౌస్ కంటే ముందే వచ్చిన హౌస్ కదా అంది. షికాగో వాళ్లు ఆయన్ని విని చేశారని కాదు, అక్కడొకరూ ఇక్కడొకరూ ఒకే పెట్టెలో ఒకే రకం శబ్దాన్ని వెతికి పట్టుకున్నారు. ముసలితనంలో యూరప్ వెళ్లి, వేదికల మీద కుర్రకారు ముందు ఆ రాగాలే మళ్లీ వాయించాడు. 2015లో ముంబైలో పోయాడు.

ఆ రికార్డులోని మాల్కౌంస్ ఇప్పుడు వేస్తున్నాం. మన హిందోళమే అది. రేడియో కాస్త పెద్దగా పెట్టుకోండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని కూడా పిలవండి, రాగం వాళ్లు పట్టుకుంటారు, దెబ్బ పిల్లలు పట్టుకుంటారు. కట్టింది చరణ్‌జిత్ సింగ్.