సంతకం పెట్టేయ్, మిగతాది నేను చూసుకుంటా

ఉద్యోగంలో నీతి, చట్టం అనే అంశంపై స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: కంపెనీ, కార్మిక చట్టాల కేసులు వాదించే న్యాయవాది, దాదాపు నలభై ఏళ్లు లెక్కల పుస్తకాల మధ్య గడిపి రిటైరైన అకౌంట్స్ ఆఫీసర్, హైదరాబాద్ ఐటీ రంగంలో పనిచేస్తున్న హెచ్‌ఆర్ మేనేజర్.

యాంకర్: నమస్కారం. "సంతకం పెట్టేయ్, మిగతాది నేను చూసుకుంటా." ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. సార్, మీతో మొదలుపెడతాను. మీరు మొదటిసారి ఎప్పుడు విన్నారు?

అకౌంట్స్ ఆఫీసర్: ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలోనే. గుంటూరు వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లు, నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మిల్లుకు బ్యాంకులో సీసీ లిమిట్, అంటే సరుకును చూసి ఇచ్చే అప్పు, ఉండేది. గోడౌన్లో ఎన్ని బేళ్లు ఉన్నాయో నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ పంపాలి, దాన్ని బట్టే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. గోడౌన్ తలుపు తీస్తే ఎదురుగా కప్పు దాకా బేళ్లే. నిండుగా ఉందనే అనుకున్నాను. ఓ రోజు వానకు కప్పు కారుతుంటే, సరుకు ఎక్కడ తడుస్తోందో చూద్దామని నిచ్చెన వేసుకుని పైకెక్కాను. చూస్తే మధ్యలో నేల కనపడుతోంది. చుట్టూ రెండేసి వరుసలు పేర్చి, లోపలంతా ఖాళీగా వదిలేశారు.

యాంకర్: మరి ఏం చేశారు?

అకౌంట్స్ ఆఫీసర్: ఆ నెల సంతకం పెట్టాను. దాచడం ఎందుకు? ఓనరు గారు భుజం మీద చెయ్యేసి, "సీజన్ రాగానే నింపేస్తాం, పెట్టేయ్ బాబూ, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. ఇంట్లో చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. పెట్టేశాను. ఆ రోజు నుంచి రోడ్డు మీద జీపు చప్పుడు వినపడితే చాలు, బ్యాంకు వాళ్లేనేమో అని గుండె దడ. మరుసటి నెల, "లెక్కపెట్టాకే పెడతానండీ" అన్నాను. "నీకు జీతం ఇచ్చేది నేనా, బ్యాంకా?" అని అడిగారు. మూడు వారాలు పనేమీ చెప్పకుండా కుర్చీలో కూర్చోబెట్టారు. చివరికి నేనే మానేశాను.

న్యాయవాది: ఓనరు "నేను చూసుకుంటా" అన్నారు కదా, ఆ మాట ఏ కాగితం మీదా ఉండదు. మీ సంతకం మాత్రం ఉంటుంది. కేసు వచ్చిన రోజున కోర్టు ముందు ఉండేది అదే. మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది.

యాంకర్: సత్యం కంప్యూటర్స్ కంపెనీ గురించేనా?

న్యాయవాది: అవును. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని. పులి మీద స్వారీలా అయిపోయిందని, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదని అందులోనే రాశారు. ఆ పులి మాట అందరికీ గుర్తుంది. ఉద్యోగులు గుర్తుపెట్టుకోవలసింది మరొకటి ఉంది. 2015 ఏప్రిల్ 9న ఇక్కడి ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. అందులో రాజు గారు, ఆయన సోదరులు, ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్‌ఓ, బయటి ఆడిటర్లు ఇద్దరు ఉన్నారు. వాళ్లతో పాటు ఇంటర్నల్ ఆడిట్ హెడ్, ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ముగ్గురు ఉద్యోగులు కూడా ఉన్నారు. పది మందికీ ఏడేళ్ల జైలు అన్నారు. జరిమానాలో తేడా ఉంది కానీ జైలు శిక్షలో పై కుర్చీ, కింది కుర్చీ అని చూడలేదు. తర్వాత అప్పీలుకు వెళ్లారు, శిక్ష నిలిపివేసి బెయిల్ ఇచ్చారు. అయినా ఆ ముగ్గురి ఇళ్లలో ఆ ఆరేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి.

అకౌంట్స్ ఆఫీసర్: ఆ కేసులో ఏడున్నర వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. చదివినప్పుడు నాకు ఛైర్మన్ గారి కన్నా ఆ ఇన్‌వాయిస్‌లు టైప్ చేసిన వేళ్లే కళ్ల ముందు కదిలాయి. ఏడున్నర వేలు వాటంతట అవి పుట్టవు కదా. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ కొట్టాలి. మొదటిది కొట్టిన రోజున ఆ మనిషికి చెయ్యి వణికే ఉంటుంది. వందోది వచ్చేసరికి అలవాటైపోతుంది. నాకు భయం ఆ అలవాటంటేనే.

యాంకర్: సరే, ఇంటి లోన్ ఈఎంఐ ఉన్న మామూలు ఉద్యోగి ఏం చేయాలి? రాజీనామా చేయమని చెప్పడం తేలిక.

న్యాయవాది: రాజీనామా చేయమని నేను చెప్పను. రాతలో అడగమని చెబుతాను. నోటిమాటగా చెప్పిన పనికి ఆ రోజే ఒక మెయిల్ పెట్టండి. "ఈ బిల్లుకు పాత తేదీ వేయమని ఉదయం చెప్పారు, దీనికి ఆమోదం ఎవరిదో తెలియజేయగలరు" అని రెండు లైన్లు చాలు. నిందించకండి, బెదిరించకండి. నా అనుభవంలో ఆ మెయిల్ వెళ్లాక సగం ఆదేశాలు మళ్లీ వినపడవు.

హెచ్‌ఆర్ మేనేజర్: లాయర్ గారూ, ఇక్కడ నేను ఒప్పుకోలేను. ఆ మెయిల్ పెట్టిన అమ్మాయికి ఆ ఏడాది రేటింగ్ ఏమవుతుందో నేను చూశాను. పనిలో ఒక్క తప్పు లేదు, కానీ "టీమ్‌లో కలవదు" అని రాశారు. ఆ రేటింగ్ షీటు నా చేతుల మీదుగానే వెళ్లింది. ఆపలేకపోయాను. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

న్యాయవాది: మరి ఆ అమ్మాయి మెయిల్ పెట్టకపోయుంటే?

హెచ్‌ఆర్ మేనేజర్: తర్వాత వచ్చిన ఆడిట్‌లో ఆమె పేరే ఉండేది. అదీ నిజమే. నేననేది ఏంటంటే, మేనేజర్‌కి మెయిల్ పెట్టి అక్కడితో ఆగిపోవద్దు. లిస్టెడ్ కంపెనీలు, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చిన కంపెనీలు ఫిర్యాదుల కోసం విజిల్ మెకానిజం అనే ఏర్పాటు పెట్టి తీరాలని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెబుతోంది. అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కి నేరుగా రాయొచ్చు. చేరిన రోజు ఇచ్చే పాలసీ ఫైలులో ఆ మెయిల్ ఐడీ ఉంటుంది. "చదివాను" అని టిక్ పెట్టి వదిలేసే ఫైలు అది. ఇంకో మాట కూడా చెప్పాలి. హెచ్‌ఆర్ అంటే ఉద్యోగుల తరఫు మనిషి అనుకుని అన్నీ నోటిమాటగా చెప్పేస్తారు. నాకూ జీతం ఇచ్చేది కంపెనీయే. నాకు చెప్పినా సరే, రాసి చెప్పండి.

యాంకర్: ప్రభుత్వ ఉద్యోగుల సంగతి?

న్యాయవాది: అక్కడ బాధ కలిగే విషయం ఒకటుంది. సత్యేంద్ర దూబే అని జాతీయ రహదారుల ప్రాజెక్టులో ఇంజినీరు. పనుల్లో అవినీతి జరుగుతోందని ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశారు, పేరు బయటపెట్టొద్దని కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా చేతులు మారింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాతే 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రహస్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది. కవరు మీద అది ప్రజాప్రయోజన ఫిర్యాదు అని రాయాలి, మీ పేరు మాత్రం లోపలి ఉత్తరంలోనే ఉండాలి. పేరు లేని ఉత్తరాలు తీసుకోరు. 2014లో ఇలా తప్పును బయటపెట్టే విజిల్ బ్లోయర్లను కాపాడేందుకు పార్లమెంటు చట్టమే చేసింది, అమల్లోకి మాత్రం తేలేదు. ఇది సిగ్గుపడాల్సిన విషయం, ఏ పార్టీ వాళ్లయినా.

యాంకర్: లంచాల దగ్గరికి వద్దాం. "ఇచ్చినవాడిదేం తప్పు, పని కావాలి కదా" అంటారు.

అకౌంట్స్ ఆఫీసర్: ఆ డబ్బు ఏ పద్దులో రాస్తారో తెలుసా అమ్మా? "టీ, టిఫిన్ ఖర్చులు", "రవాణా". వోచర్ ఎవరి పేరు మీద ఉంటుంది? లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కుర్రాడి పేరు మీద. పాతిక వేల జీతగాడు, వాడి వోచర్ల మీద ఏడాదికి లక్షలు. చెయ్యి తడిపింది కంపెనీ కోసం, కాగితం మీద ఉన్నది వాడు.

న్యాయవాది: అవినీతి నిరోధక చట్టానికి 2018లో సవరణ వచ్చింది. ఇప్పుడు లంచం ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ల దాకా జైలు ఉంది. గతిలేక ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లో పోలీసులకో, ఏసీబీకో చెప్పాలి. ఇంకా మంచిది, ఇవ్వకముందే ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేయడం. వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు, కంటికి కనపడదు. తీసుకున్న అధికారి వేళ్లు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచగానే రంగులేని నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేస్తారు, కోర్టులో అదే సాక్ష్యం. తన ఉద్యోగి కంపెనీ పని కోసం లంచం ఇస్తే కంపెనీ మీదా కేసు పెట్టొచ్చు. ఆ కుర్రాడు ఈ మాట తన మేనేజర్‌కి చెప్పినా సరిపోతుంది.

యాంకర్: మేడమ్, ఉద్యోగుల వైపు నుంచి జరిగే తప్పులు?

హెచ్‌ఆర్ మేనేజర్: ఉన్నాయి. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ అన్నిటికన్నా పెద్దది. లేని కంపెనీలో మూడేళ్లు చేశానని కాగితాలు కొనుక్కుని వస్తారు. వెరిఫికేషన్‌లో ఆ కంపెనీ బోర్డే ఉండదు, పీఎఫ్ ఖాతాలో ఒక్క నెల జమ ఉండదు. పిల్లాడికి నిజంగా పని వచ్చు, నాలుగు నెలలుగా బాగానే చేస్తున్నాడు, అయినా పంపించేయాలి. ఆ పిల్లల ముఖాలు చూడలేం. ఫ్రెషర్‌గానే రండి నాన్నా, తక్కువ జీతమైనా ఆ నిద్ర వేరు. ఇక లైంగిక వేధింపుల విషయం కూడా చెప్పాలి. పది మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో కమిటీ ఉండాలి, సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండాలి. ఫిర్యాదుకు 3 నెలల గడువు. చాలామంది భయంతో ఆ 3 నెలలూ మౌనంగా ఉంటారు. కారణం చూపిస్తే మరో 3 నెలలు పొడిగించే వీలుంది, అందుకని గడువు దాటిందని వెనక్కి వెళ్లిపోకండి. పది మంది లేని చోట జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

యాంకర్: ఫోన్ లైన్లో అనకాపల్లి జిల్లా నుంచి ఒక ప్రేక్షకుడు ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. చెప్పండి.

ఫోన్ కాలర్: నమస్తే అండి. ఫార్మా కంపెనీలో పనిచేస్తాను. వెల్డింగ్ పని ఉంటే హాట్ వర్క్ పర్మిట్ మీద సంతకం నాది. పని మొదలయ్యే ముందు అక్కడ మండే గ్యాస్ ఉందేమో గ్యాస్ టెస్ట్ చేసి రీడింగ్ రాయాలి. మా దగ్గర టెస్ట్ చేయకుండానే సున్నా అని రాసేయమంటున్నారు. లేటైతే బ్యాచ్ పోతుంది, నేను చూసుకుంటా అంటారు. మీరు ఇందాకటి నుంచి డబ్బు గురించి మాట్లాడుతున్నారు. మాది డబ్బు కాదండి.

న్యాయవాది: మీరు చెప్పింది అన్నిటికన్నా ముందు మాట్లాడాల్సింది. 2024 ఆగస్టు 21న మీ జిల్లాలోనే అచ్యుతాపురం సెజ్‌లో ఒక్క ప్రమాదంలో 17 మంది పోయారు. బాబూ, మీ సంతకం నమ్మి ఒక వెల్డర్ టార్చ్ వెలిగిస్తాడు. ముప్పు ముంచుకొస్తోందని సహేతుకంగా అనిపిస్తే యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కార్మికుడికి ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు, కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంచారు.

ఫోన్ కాలర్: హక్కు ఉందండి. నేను కాంట్రాక్టు మనిషిని. రేపటి నుంచి రావొద్దంటే అంతే.

(కొద్ది క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.)

అకౌంట్స్ ఆఫీసర్: తమ్ముడూ, నేను పెట్టిన తప్పుడు సంతకానికి బ్యాంకు డబ్బు పోయి ఉండేది. నీది అలా కాదు. ఒకటి చెప్పు, గ్యాస్ మీటరు మీ దగ్గర ఉందా?

ఫోన్ కాలర్: ఉంది సార్. పనిచేయట్లేదు. బ్యాటరీ పోయి రెండు నెలలైంది.

హెచ్‌ఆర్ మేనేజర్: బ్యాటరీ కావాలని ఎవరైనా రాతలో అడిగారా?

ఫోన్ కాలర్: నోటితోనే చెప్పాం మేడమ్.

న్యాయవాది: అయితే గొడవతో మొదలుపెట్టొద్దు, బ్యాటరీతో మొదలుపెట్టండి. షిఫ్టుకు వెళ్లగానే బ్యాటరీ కావాలని ఇండెంట్ రాయండి. మీటరు పనిచేయడం లేదు, అది వచ్చేదాకా గ్యాస్ టెస్ట్ రీడింగ్ ఇవ్వలేను అని. తేదీ, టైము వేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. సేఫ్టీ ఆఫీసర్‌కి ఒక కాపీ ఇవ్వండి. పర్మిట్‌లో రీడింగ్ గడి ఖాళీగా ఉంచండి, సున్నా మాత్రం రాయొద్దు. మీ సూపర్‌వైజర్ కూడా ఆ కాగితం చూశాక "నేను చూసుకుంటా" అనడానికి ఆలోచిస్తాడు. మిమ్మల్ని పొమ్మంటే ఈ ఛానల్ వాళ్ల దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేయండి. ఫీజు మాట ఎత్తను.

యాంకర్: మీ షిఫ్టు ఎప్పుడండీ?

ఫోన్ కాలర్: రేపు మొదటి షిఫ్ట్ అండి, ఉదయం ఆరింటికి. ఇండెంట్ బుక్కు స్టోర్స్ కిటికీ దగ్గరే ఉంటుంది. వెళ్లగానే రాస్తాను.