పని మిగిలే ఉన్నా

శ్రోతలకు వందనాలు.

"ఈ పనులన్నీ తెమిలితే గానీ మనశ్శాంతి ఉండదు" అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. పిల్లల ఫీజులు కట్టాక, ఇంటి లోను తీరాక, అమ్మాయి పెళ్లయ్యాక... సువార్తలు చదువుతుంటే యేసు ప్రభువుకు పనులన్నీ తెమిలిన రోజంటూ ఒకటి నాకు కనబడదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. కపెర్నహూములో అది విశ్రాంతి దినం. సమాజమందిరంలో బోధ, అక్కడే అపవిత్రాత్మ పట్టిన మనిషి. అటునుంచి శిష్యుడైన సీమోను ఇంటికి వెళ్తే అతని అత్తకు జ్వరం. పొద్దుగూకేసరికి రోగులను తీసుకుని పట్టణమంతా వాకిట్లో ఉంది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం వెతుకుతున్నారన్నారు. మన మిస్డ్ కాల్స్ అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి! ఆయన మాత్రం వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం, అక్కడా ప్రకటించాలి, నేను వచ్చింది ఇందుకే అన్నాడు. తన పని ఏదో తండ్రి దగ్గర తేల్చుకున్నవాడి మాట అది. ఆయన వేకువ ప్రార్థనకన్నా, ఆ తర్వాత వెనక్కి వెళ్లకపోవడమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ప్రతిసారీ అలా కుదరలేదు. ఆరో అధ్యాయంలో శిష్యులకు తిండి తినే తీరిక కూడా లేకపోతే, కొంచెంసేపు అలసట తీర్చుకుందురు రండని దోనెలో తీసుకెళ్లాడు. జనం కాలినడకన పరుగెత్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరారు. ఆయన విసుక్కోలేదు, జాలిపడ్డాడు. ఆయన పెట్టిన భోజనం ఐదు వేలమంది పురుషులు తిన్నాక శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపించి, ప్రార్థనకు ఒక్కడే కొండెక్కాడు. పగలు దొరకని ఏకాంతాన్ని రాత్రి తీసుకున్నాడు.

మనమేమో పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిన వాగ్దాన వచనాన్ని నలుగురికి ఫార్వర్డ్ చేసి, ప్రార్థన అయిపోయిందనుకుంటాం. కమిటీ మీటింగు, సండే స్కూలు, క్వయర్ ప్రాక్టీసు అంటూ కొందరికి ఆదివారం కూడా టెన్షనే. దేవుని పని అని పేరు పెట్టినంత మాత్రాన హడావుడి భక్తి అయిపోదు. బేతనియ ఊళ్లో యేసును ఇంటికి పిలిచి, పనులతో సతమతమైన మార్త ఆయన నోట విన్నది కూడా ఇలాంటి మాటే.

వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకుంటూ, కష్టపడి తినడం వ్యర్థమే అంటుంది 127వ కీర్తన. తన ప్రియులు నిద్రపోతుండగా దేవుడు వారికిస్తున్నాడట. అప్పుల కోసం డబుల్ డ్యూటీ చేసేవాళ్ల మీద ఈ వచనాన్ని రాయిలా విసరకూడదు. వాళ్లకు నిద్ర కరువైంది విశ్వాసం తక్కువై కాదు. తీరిక ఉండి కూడా పక్క మీద రేపటి లెక్కలు వేసుకునే నాలాంటివాళ్లకు మాత్రం అది సూటిగా తగులుతుంది.

"నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను" అనే 31వ కీర్తనలోని మాటను యేసు సిలువ మీద పలికాడు. దాన్ని రాత్రి ప్రార్థనలో చెప్పుకునే ఆచారం సంఘంలో శతాబ్దాలుగా ఉంది. ఈ రాత్రి మీరూ చెప్పుకోండి. దానికి ముందు, మిగిలిపోయినవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి ఆయనకు చెప్పండి: ఆఫీసులో తేలని ఫైలు, అమ్మకు తేవాల్సిన బీపీ మాత్రలు, మాటలు ఆగిపోయిన తమ్ముడు. ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టి పడుకోండి. మాత్రలు పొద్దున కొట్టు తెరవగానే తేవచ్చు. తమ్ముడికి కూడా పొద్దున్నే ఫోన్ చేయొచ్చు.

సెలవు.