పియెరోగి: అంచు ఊడకూడదు

హోస్ట్: అక్కా, పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంటూ అక్కడి వంటకం పియెరోగి చేయడం నేర్చుకున్నారు. చూడటానికి అచ్చం మన కజ్జికాయే కదా?

అక్క: ఆకారం వరకే. దీన్ని నూనెలో వేయించం, ఉప్పునీళ్లలో ఉడికిస్తాం, చిక్కంతా అక్కడే. అంచు కాస్త ఊడినా లోపలికి నీళ్లు పోయి మొత్తం గంజిలా అయిపోతుంది. మొదటిసారి ముప్పై చేస్తే సగం అలాగే పోయాయి, ఏడుపొచ్చింది.

హోస్ట్: ఎందుకలా?

అక్క: పూర్ణం వేడిగా ఉండగానే పెట్టేశాను, తడి కూడా ఎక్కువ. పక్కింటి పెద్దావిడ చూసి, ముందు బంగాళాదుంపల సంగతి చూడు అంది. ఉడికాక నీళ్లు వంపేసి, అదే గిన్నెలో ఒక్క నిమిషం సన్నమంట మీద ఆవిరంతా పోనిచ్చి, వేడి మీదే చేత్తో మెదపాలి. మిక్సీలో మాత్రం వేయొద్దు, జిగురైపోతుంది. చల్లారాక త్వరూగ్ కలపాలి, అంటే పులిసిన పాలు వేడిచేసి విరిచి, గుడ్డలో కట్టి నీళ్లు పోయేదాకా ఉంచింది. పొడిపొడిగా, కాస్త పుల్లగా ఉంటుంది. మన ఇళ్లలో పెరుగుతో అలా చేసుకుంటే దాదాపు అదే వస్తుంది, పనీర్‌కి ఆ పులుపు రాదు. తర్వాత ఎర్రగా వేగిన ఉల్లిపాయ, ఉప్పు, దండిగా మిరియాలపొడి.

హోస్ట్: వీటినే రుస్కియె అంటారుగా, రష్యావా?

అక్క: కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. అది పాత రుథేనియా పేరు, ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్, పోలండ్ ఆగ్నేయ మూల. 2022లో యుద్ధం ముదిరాక కొన్ని హోటళ్లు మెనూలో ఉక్రెయిన్ పియెరోగి అని మార్చేశాయి. నాకైతే పాత పేరే ఉంచి దాని అర్థం చెప్తే బాగుండేది అనిపిస్తుంది.

హోస్ట్: మరి పిండి?

అక్క: అరకిలో మైదాకి సుమారు పావు లీటరు వేడినీళ్లు, రెండు చెంచాల నూనె, ఉప్పు. వేడినీళ్లు పోస్తే మెత్తగా వస్తుంది, వత్తుతుంటే వెనక్కి లాక్కోదు. గిన్నె బోర్లించి అరగంట ఉంచి, 2 మిల్లీమీటర్ల మందాన వత్తి గ్లాసుతో కోస్తాను. ఇక అరచేతిలో పెట్టుకుని, చెంచాడు పూర్ణం పెట్టి మడిచి, ముందు నడిమధ్యన ఒక్కచోట నొక్కి, అక్కణ్నుంచి అటూ ఇటూ వేళ్లతో గాలి బయటికి నెడుతూ మూసుకుంటూ పోవాలి. అంచుకి రవ్వంత నూనె తగిలినా అక్కడ అతుక్కోదు.

హోస్ట్: ఉడికిందని ఎలా తెలుస్తుంది?

అక్క: పైకి తేలాక రెండు మూడు నిమిషాలు చాలు. చిల్లుల గరిటెతో తీసి వెంటనే వెన్న పోయాలి. మిగిలినవి మర్నాడు పెనం మీద ఎర్రగా కాలిస్తే నాకు అదే ఎక్కువ ఇష్టం.

హోస్ట్: క్రిస్మస్‌కీ ఇవేనా?

అక్క: డిసెంబరు 24 రాత్రి విందుని విగీలియా అంటారు, అందులో మాంసం ఉండదు. అప్పుడు పులిసిన క్యాబేజీ, ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులు పెడతాం. పుట్టగొడుగులు రాత్రే నానబెడితే పొద్దున్నకి ఇల్లంతా వాన తడిసిన అడవి వాసన. పక్కింటావిడ పిలుస్తుంది, ఇద్దరం కూర్చుని వంద దాకా చేస్తాం. పోయిన ఏడాది ఒక్కటీ ఊడలేదు.