ఫోన్-ఇన్: ఫ్లోరిడా పెరట్లో గులాబీ రంగు ‘పాము’

యాంకర్: ఒకాలా నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్, రాత్రంతా కుండపోత వాన, పొద్దున గోంగూర మడిలో మట్టి తీస్తుంటే గులాబీ రంగుది ఒకటి బయటపడింది, వానపామేమో అనుకున్నా కానీ జానెడు పైనే ఉంది, మా ఆయన పాముపిల్ల అంటారు, అత్తయ్యగారేమో రెండు తలల పాము అంటున్నారు, ఈలోపు పిల్లలు బకెట్లో వేసేశారు. విషం ఉంటుందా సార్?

నిపుణుడు: బకెట్లో నీళ్లున్నాయా?

కాలర్: కొంచెం.

నిపుణుడు: ముందు పారబోయించండి. ఒంటి మీద ఉంగరాల్లా గీతలున్నాయా? కళ్లు కనిపిస్తున్నాయా?

కాలర్: గీతలున్నాయి, కళ్లు లేవు. ఏది తలో ఏది తోకో తెలియట్లేదు, అందుకే అత్తయ్యగారు...

నిపుణుడు: అది ఫ్లోరిడా వర్మ్ లిజర్డ్. పాము కాదు, వానపాము అసలే కాదు, పొలుసులున్న సరీసృపం. తల పారలా ఉంటుంది, దాంతోనే ఇసుక తోసుకుంటూ పోతుంది. నోట్లో మట్టి పడకుండా కింది దవడ లోపలికి ఉంటుంది. ఫ్లోరిడా ఉత్తర, మధ్య ప్రాంతాలు, పక్కనే జార్జియాలో కొంచెం, అంతే, ఇంకెక్కడా దొరకదు. ఆ కుటుంబంలో ఇప్పుడు బతికున్నది ఇదొక్కటే, మిగతావన్నీ శిలాజాలే, అవి నెబ్రాస్కా, వయోమింగ్ వైపు దొరికాయి. మామూలుగా పైకి రాదు, గట్టి వాన పడితేనో ఎవరైనా తవ్వితేనో కనిపిస్తుంది.

కాలర్: అయితే విషం...

నిపుణుడు: లేదమ్మా. వానపాములు, చెదపురుగులు తిని బతుకుతుంది.

కాలర్: కాదు సార్, మా చిన్నోడు చేత్తో పట్టుకున్నాడు, సబ్బుతో కడిగించాననుకోండి, అయినా టెన్షన్‌గా ఉంది. విషం లేదంటారు?

నిపుణుడు: రెండోసారి అడిగినా లేదనే చెప్తాను! చేతులు కడిగించారు, మంచిపని. నీళ్లలో మాత్రం ఉంచకండి, ఎండలో వదలకండి, తీసినచోటే మట్టి కప్పి వదిలేయండి.

యాంకర్: థాంక్స్ అమ్మా. టాంపా నుంచి, చెప్పండి.

కాలర్: సార్, అలాంటిది దొరికితే పెంచుకోవచ్చా?

నిపుణుడు: వద్దు. ఎప్పుడూ మట్టిలోనే ఉండేదాన్ని గాజుపెట్టెలో పెట్టి ఏం చూస్తారు? దొరికినచోటే వదిలేయండి.

యాంకర్: థాంక్యూ. న్యూజెర్సీ నుంచి...

కాలర్: సార్, మా బావమరిది గుంటూరులో ఉంటాడు, రెండు తలల పాము ఉంది, కోట్లు పలుకుతుంది, అడ్వాన్స్ కట్టమని ఎవరో...

నిపుణుడు: అది వేరేదండీ, రెడ్ శాండ్ బోవా. ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది. కోట్లూ లేవు, ఏమీ లేవు, పచ్చి మోసం. దాన్ని పట్టినా అమ్మినా కేసే. డబ్బు కట్టేశాడా?

కాలర్: సగం కట్టాడండి, మిగతాది...

నిపుణుడు: మిగతాది కట్టొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ఇక్కడ లైన్ పెట్టేసి ముందు ఆ పని చూడండి.

యాంకర్: థాంక్యూ సార్. జాక్సన్‌విల్ కాలర్ ఉన్నారు గానీ టైమ్ అయిపోయింది, సారీ అండి.