బంకులో కారు దిగండి

నమస్కారమండీ. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలకు అనంతపురమో చిత్తూరో కారులో వెళ్లొచ్చే మనవాళ్ల కోసం ఈ వీడియో.

మొన్నొక శుక్రవారం రాత్రి మారతహళ్లి దగ్గర బంకులో ఆగాను. వెనక సీట్లో పిల్లలు గోల. నేను కూర్చున్నచోటి నుంచే రెండు వేలకు పోయమన్నాను. ఒకతను కిటికీ దగ్గరికొచ్చి కార్డా, ఫోన్‌పేనా అని అడుగుతున్నాడు, ఇంకొకతను నాజిల్ పెట్టేశాడు. తల తిప్పేసరికి మీటరు తిరుగుతోంది. జీరో నుంచి మొదలైందా, ముందు బండివాళ్ల 500 మీది నుంచా? ఇంధనం ముల్లు ఎప్పుడూ లేచేంత లేవలేదు. కానీ నేను చూడలేదు కదా, ఏమని అడుగుతాను?

అందుకే ఇంజిన్ ఆపేసి, దిగి, మీటరు ఎదురుగా నిలబడండి. మంచి బంకుల్లో వాళ్లే "జీరో నోడి సార్" అంటారు, అంటే కన్నడలో జీరో చూడండి అని. అనకపోతే మనమే అడుగుదాం.

కొలత మీద అనుమానమొస్తే ఐదు లీటర్ల క్యాన్ తెమ్మనండి. ప్రతి బంకులోనూ అది ఉండి తీరాలి, దానిమీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మీటరు సరిగ్గా 5.00 చూపించేదాకా అందులో పోయించి, మెడ దగ్గరి గీతకు మట్టం ఎక్కడుందో వంగి చూడండి. 25 మిల్లీలీటర్ల దాకా తేడాను నిబంధనలు ఒప్పుకుంటాయి. అంతకంటే తగ్గితే ఫిర్యాదు చేయొచ్చు. వెనక బళ్లు హారన్ కొడుతున్నాయని మొహమాటపడొద్దు, మీరు డబ్బిచ్చి కొంటున్నారు.

పొద్దున్నే చల్లటివేళ పోయిస్తే ఎక్కువొస్తుందన్న మాట నమ్మకండి. పెట్రోలు ఉండేది నేల కింద ట్యాంకులో. పూటపూటకీ దాని వేడి పెద్దగా మారదు.

నాజిల్ టక్కున ఆగితే అక్కడితో చాలనండి. రౌండ్ ఫిగర్ కోసమని ఇంకో రెండుసార్లు నొక్కనివ్వొద్దు. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది, ట్యాంకులో ఆ ఖాళీ ఉండాలి. ఎక్కువైతే ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు చేరి అది పాడవుతుంది. ఇంకోటి, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది. పక్క వరుసలో ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే అది మన పిల్లల భద్రత సంగతి. గట్టిగా చెప్పండి.

ఇక ఊరెళ్లేటప్పుడు. ఆంధ్రలో పెట్రోలు కర్ణాటక కంటే లీటరుకు ఐదు రూపాయలకు పైగానే ఎక్కువ ఉంటోంది. అనంతపురం వైపైతే బాగేపల్లి దాటకముందే, చిత్తూరు వైపైతే ముళబాగిలులోనే నింపుకోండి. 35 లీటర్లకు 175 రూపాయలు మిగిలినట్టే. టైర్లకు గాలి మాత్రం అక్కడిదాకా ఆపకండి. ఇంటి దగ్గరి బంకులోనే, టైర్లు వేడెక్కకముందే చూపించుకోండి. ఎంత ఉండాలో డ్రైవరు డోరు లోపలి స్టిక్కరు మీద ఉంటుంది. ఆ గాలికి బంకులో డబ్బు తీసుకోకూడదు.