ట్రాన్సమ్‌లో తొమ్మిది రంధ్రాలు

నమస్కారం అండి. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో, మా ఇంటి గ్యారేజీ నుంచి మాట్లాడుతున్నాను. వెనుక ట్రైలర్ మీద కనిపిస్తున్నది లేక్ లేనియర్‌లో తిప్పుకోవడానికి ఈ మధ్యనే కొన్న 17 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ బోటు. ఇంజన్ బిగించే వెనుక గోడను ట్రాన్సమ్ అంటారు. ఇంతకుముందు దీన్ని వాడినవారు చేపల జాడ చూపే పరికరం సెన్సార్‌ను దాని మీద మూడు చోట్లకు మార్చి, పాత స్క్రూ రంధ్రాలన్నింటికీ తెల్లటి సిలికాన్ పూసి వదిలేశారు. లెక్కపెడితే తొమ్మిది ఉన్నాయి, అన్నీ నీటిమట్టానికి కిందే.

వాటి మీద మరికొంచెం సిలికాన్ రాసి నీటిలోకి దించేద్దామని మా వారు అన్నారు. వేసవికి మా దగ్గరకు వచ్చిన మామయ్యగారు మాత్రం స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా మెల్లగా తట్టుకుంటూ వచ్చి, ఎడమ మూలన ఆగి, "ఇక్కడ మోత మారిందమ్మా, లోపల చెక్క తడిసినట్టుంది" అన్నారు. ఆయన పుట్టి పెరిగింది కాకినాడ దగ్గర తాళ్ళరేవులో, చెక్క పడవలు కట్టే ఊరు. ఆ చెవిని నమ్మకుండా ఉండలేకపోయాను.

పైకి రాయిలా కనిపించినా, ఈ గోడలో జెల్‌కోట్ అనే నున్నని పూత కింద రెసిన్‌తో గట్టిపడిన గాజు పీచు, దాని లోపల ప్లైవుడ్ ఉంటాయి. గాజు పీచు కుళ్ళదు, ప్లైవుడ్ కుళ్ళుతుంది. ఒక్క స్క్రూ సందు నుంచి దిగిన నీరు బయటకు రాలేక చెక్క పొరల వెంట పాకుతుంది. అందుకే రంధ్రాన్ని మూసే ముందు పెద్దది చేయాలి. డ్రిల్లును మొదట వెనక్కి తిప్పితే జెల్‌కోట్ పెచ్చులూడదు. అంచు ఏటవాలుగా అరిగాక ముందుకు తిప్పి లోపలికి వెళ్ళాలి. ఆరు రంధ్రాల నుంచి లేత రంగు పొడి రజను వచ్చింది. ఎడమవైపు మూడింటి నుంచి మాత్రం కాఫీ గుండలా నల్లని తడి ముద్ద వచ్చి డ్రిల్లుకు అంటుకుంది, నానిన ఆకుల వాసన వేసింది. గట్టి చెక్క తగిలేదాకా ఆ మూడింటినీ తొలిచి, ఫ్యాను పెట్టి రెండు వారాలు ఆరబెట్టాము. కుళ్ళు అంతకంటే విస్తరించి ఉంటే గోడలోని చెక్కంతా మార్చవలసి వచ్చేది.

రంధ్రాలు నింపేది ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో. సిలికాన్ ఉన్నచోట అది పట్టదు కాబట్టి దాన్ని బ్లేడుతో పూర్తిగా గీకి, ఆ తరువాతే అసిటోన్‌తో తుడిచాను. నేను వాడిన వెస్ట్ సిస్టమ్ కంపెనీ 105 రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే 205 హార్డెనర్‌ను ఐదుకు ఒకటి చొప్పున కలపాలి. ముందుగా పలుచని ఎపాక్సీని రంధ్రం గోడలకు పట్టించి చెక్కను తాగనివ్వాలి, ఆపైన సిలికా పొడి కలిపిన చిక్కని ముద్దను సిరంజితో అడుగు నుంచి నింపుకుంటూ పైకి రావాలి. పైనుంచి నింపితే గాలి బుడగ లోపలే చిక్కుకుంటుంది. ఎక్కువ కలిపితే కప్పులోనే వేడెక్కి గడ్డకడుతుంది కాబట్టి మూడేసి రంధ్రాలకు సరిపడా మాత్రమే కలుపుకున్నాను.

మర్నాటికి గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్ళతో, గరుకు పీచుతో కడిగిన తరువాతే సాండ్‌పేపర్ పట్టాలి, లేకపోతే ఆ జిడ్డు లోపలికి రుద్దుకుపోయి జెల్‌కోట్ అంటుకోదు. జెల్‌కోట్ గాలి తగిలితే పైన జిగటగానే ఉండిపోతుంది కనుక మీద ప్లాస్టిక్ కాగితం పరిచాను. రంగు కలపడానికే ఒక సాయంత్రం పట్టింది. ఎండలో చూస్తే ఇప్పటికీ రెండు మచ్చలు కొంచెం తెల్లగా తెలుస్తాయి, వాటిని అలాగే ఉంచాను.

కొత్త సెన్సార్ కోసం గోడకు మళ్ళీ రంధ్రాలు పెట్టలేదు. ఒక ప్లాస్టిక్ పలకను ఎపాక్సీతో అతికించి, స్క్రూలు గోడ దాకా దిగకుండా ఆ పలకలోనే బిగించాము. నిన్న మామయ్యగారు ఎడమ మూలన మళ్ళీ తట్టి చూశారు. శనివారం ఉదయం నీటిలోకి దించుతున్నాము.